బొమ్మ పక్కన మనిషి

గోపాలపూర్ సముద్రతీరంలో తెల్లవారుజామున రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు సముద్రాన్ని చూడవచ్చినవారు. రెండోవారు సముద్రం మీదికి వెళ్లవలసినవారు. బరంపురం నుంచి, భువనేశ్వర్ నుంచి, ఇంకా దూరప్రాంతాల నుంచి వచ్చిన యాత్రికులు సూర్యోదయానికి ముందే ఇసుక మీద చేరి, సెల్‌ఫోన్లు పైకెత్తి నిలుచుంటారు. వారికి కొద్ది దూరంలోనే తెలుగు మాట్లాడే మత్స్యకారులు పడవకు భుజం ఆనించి, కెరటం వెనక్కు తగ్గే క్షణం కోసం కనిపెట్టుకుని ఉంటారు. ఆ క్షణం రాగానే పడవ నీటిలోకి దూకుతుంది. అదే క్షణంలో ఒడ్డున ఉన్న ఫోన్లన్నీ ఆ దృశ్యాన్ని పట్టుకుంటాయి. ఇంకో నిమిషం గడిచేలోగా ఆ పడవ బొమ్మ ఢిల్లీలోనో, దుబాయిలోనో ఎవరి అరచేతిలోనో మెరుస్తూ ఉంటుంది.

ఆ బొమ్మ కింద ఉండే మాటలు సాధారణంగా ఒకటి రెండే: ‘గోపాలపూర్‌లో ఉదయం’. పడవలో ఉన్నవారు ఎవరు? వారు వేసిన వల ఎటువంటిది? ఆ రోజు గాలి ఎటు వీచింది? వారు ఎప్పుడు తిరిగి వచ్చారు? చేప పడిందా, లేక నూనె ఖర్చు కూడా రాక ఉత్త చేతులతో ఇల్లు చేరారా? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆ బొమ్మ జవాబు చెప్పదు. బొమ్మ సముద్రాలు దాటిపోయింది. కథ మాత్రం ఒడ్డునే ఉండిపోయింది.

ఇది ఒక్క గోపాలపూర్ సంగతి కాదు. ఈనాడు లోకమంతటా కోట్లాది మంది కథలను పుస్తకంలో కంటె, రంగస్థలం మీద కంటె ముందుగా సెల్‌ఫోన్ తెర మీదనే చూస్తున్నారు. వేలితో పైకి తోసేకొద్దీ ఒకదాని వెనుక ఒకటిగా బొమ్మలు వస్తూనే ఉంటాయి. ఆ బొమ్మల వరుసనే ‘ఫీడ్’ అంటున్నారు. ఈ వరుస నిజంగా కథ చెప్పగలదా? చెప్పగలదు. కాని, బొమ్మ పక్కన దానికి జవాబుదారీగా ఒక మనిషి నిలబడినప్పుడే అది కథ అవుతుంది. ఆ మనిషి లేనప్పుడు అది కంటికి మేత మాత్రమే. ఆంగ్లంలో ఫీడ్ అనే మాటకు మేత అనే అర్థం కూడా ఉండటం గమనించదగిన విషయం.

ఈ బొమ్మల వరుస పుట్టి ఎంతో కాలం కాలేదు. ఫేస్‌బుక్ 2004లో మొదలైంది. మొదట్లో ఒక స్నేహితుని విశేషాలు తెలుసుకోవాలంటే అతని పుట వెతుక్కుంటూ వెళ్లవలసి వచ్చేది. 2006లో అందరి విశేషాలూ ఒకే వరుసగా వచ్చే ఏర్పాటు చేశారు. యూట్యూబ్ 2005లో వచ్చింది. ఛాయాచిత్రాల కోసమే ప్రత్యేకించిన ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చింది. ఇరవై నాలుగు గంటలలో మాయమయ్యే బొమ్మలకు 2016లో ఆ సంస్థ పెట్టిన పేరు ‘స్టోరీస్’, అంటే కథలు. టిక్‌టాక్‌ను భారత ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. అయినా అటువంటి పొట్టి వీడియోలు రీల్స్, షార్ట్స్ అనే పేర్లతో ఇతర వేదికల మీద కొనసాగుతూనే ఉన్నాయి.

సాధనం కొత్తదే. బొమ్మలతో కథ చెప్పడం మాత్రం కొత్తది కాదు. అమరావతి స్తూపపు శిల్పాలలో ఒక గుండ్రని ఫలకం ఉంది. అది ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. బుద్ధుని మీదికి ఉసిగొల్పిన నలగిరి అనే మదపుటేనుగు కథను శిల్పి అందులో చెక్కాడు. ఆ ఒక్క ఫలకంలోనే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట అది వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తున్నది. మరొకచోట అదే ఏనుగు బుద్ధుని పాదాల దగ్గర తల వంచి ఉన్నది. ముందు ఏమి జరిగిందో, తరువాత ఏమి జరిగిందో శిల్పి రెండింటినీ పక్కపక్కనే నిలిపాడు. కనుకనే అది ఏనుగు బొమ్మగా మిగలక, కోపం మీద కరుణ గెలిచిన కథ అయింది.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే చేర్యాల పటాలను చూడవచ్చు. చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్ధిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు ఎన్నో మూరల పొడవు గల గుడ్డ మీద ఒక కులపురాణాన్నంతా అరలు అరలుగా గీసేవారు. కథకుడు ఆ పటాన్ని ఊరి నడుమ వేలాడదీసి, చుట్ట విప్పుతూ, ఒక్కొక్క అర చూపుతూ, పాట పాడుతూ కథ నడిపేవాడు. ఈనాడు వేలితో తెరను పైకి తోసే పనికీ, ఆనాడు పటపు చుట్ట విప్పే పనికీ పోలిక స్పష్టంగానే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలలో బొమ్మల కింద తెలుగులో మాటలు కూడా రాసేవారు. తెలుగువారి తోలుబొమ్మలాట, ఒడిశాలోని రావణఛాయ నీడను కథగా మార్చాయి. ఒడిశా చిత్రకారులు గుడ్డ మీద పటచిత్రాలను, తాటాకు మీద గంటంతో గీసిన బొమ్మలను తరతరాలుగా నిలుపుకొంటూ వస్తున్నారు.

బరంపురం పిల్లలకు ఇంత దూరం వెళ్లవలసిన పని కూడా లేదు. రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో వీధులే బొమ్మల వరుసలు అవుతాయి. మొక్కు ఉన్నవారు రకరకాల వేషాలు కట్టి వీధుల వెంట నడుస్తారు. పురాణ ఘట్టాలు బొమ్మల కొలువులుగా వీధి పక్కన నిలుస్తాయి. తండ్రి భుజం మీద కూర్చున్న పిల్లవాడు ‘అది ఎవరు?’ అని అడుగుతాడు. తండ్రి చెబుతాడు. తండ్రికి తెలియకపోతే పక్కనున్న పెద్దమనిషి చెబుతాడు. ఆ ప్రశ్న, ఆ జవాబు కలిసినప్పుడే ఆ వేషం కథలో పాత్ర అవుతుంది.

ఈ పాత కళలన్నిటిలోనూ సమానంగా కనిపించేవి మూడు. మొదటిది వరుస. ఏ బొమ్మ ముందు, ఏ బొమ్మ తరువాత అనేది కథకుడే నిర్ణయించేవాడు. రెండవది మనిషి. పటం పక్కన కర్ర పట్టుకుని నిలబడిన కథకుణ్ణి ఊరు ఎరుగును. కథ తప్పితే ‘అలా కాదు’ అనడానికి ఎదురుగా పెద్దలు ఉండేవారు. మూడవది ముగింపు. ఎంత పొడవైన పటమైనా ఒకచోట అయిపోతుంది. చుట్ట చుట్టిన తరువాత జనం ఇంటికి వెళుతూ, చూసినదాని గురించి మాట్లాడుకునేవారు.

ఫీడ్‌లో ఈ మూడూ మారిపోయాయి. బొమ్మల వరుసను నిర్ణయించేది కథకుడు కాదు, సంస్థ పెట్టుకున్న లెక్కల సూత్రం. దానినే అల్గారిథం అంటారు. ఎవరు ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగారు, దేనిని మెచ్చుకున్నారు, దేనిని ఇతరులకు పంపారు అనేది లెక్కించి, వారిని ఇంకాసేపు కూర్చోబెట్టగల బొమ్మను అది ముందుకు తెస్తుంది. కనుక నిన్నటి బొమ్మ నేటి బొమ్మ తరువాత రావచ్చు. ఒక తల్లి దుఃఖం పక్కనే సబ్బు ప్రకటన రావచ్చు. ఇక ముగింపు అన్నది అసలే లేదు. పటం అంచు ఎప్పటికీ రాదు.

నలగిరి కథ అమరావతి ఫలకం మీద కాక ఫీడ్‌లో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఏనుగు జనాన్ని తొక్కే సగం ఊరూరా తిరిగేది. అది తల వంచిన సగం ఎవరి కంటా పడకుండా పోయేది. భయం, కోపం కలిగించే బొమ్మ దగ్గర మనిషి ఎక్కువసేపు ఆగుతాడు. ఆగినదానినే సూత్రం ముందుకు తోస్తుంది. సగం కథ నిండు కథగా చెలామణి కావడం ఈ మాధ్యమపు పెద్ద లోపం.

ఈ లోపం వల్ల నష్టం ఎంతవరకు పోగలదో గంజాం తీరవాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుఫానులో సుమారు పదివేల మంది మరణించారు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాలపూర్ సమీపంలోనే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలులు వీచాయి. ఇళ్లు కూలాయి, చెట్లు నేలకొరిగాయి, పడవలు, వలలు కొట్టుకుపోయాయి. అయినా ప్రాణనష్టం పదుల సంఖ్యకే పరిమితమైంది. ముందుగా హెచ్చరిక అందడం, ఆ హెచ్చరికను జనం నమ్మడం, సుమారు పది లక్షల మంది సురక్షిత స్థలాలకు తరలిపోవడం అందుకు ముఖ్య కారణాలు.

ఇక్కడ ‘నమ్మడం’ అనే మాట ముఖ్యమైనది. వాతావరణ శాఖ విడుదల చేసే ఉపగ్రహ చిత్రం కూడా బొమ్మే. కాని ఆ బొమ్మ మీద తేదీ ఉంటుంది, గంట, నిమిషం ఉంటాయి, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి, దానిని ప్రకటించిన సంస్థ పేరు ఉంటుంది. రేవులో ఎగురవేసే ప్రమాద సూచిక కూడా బొమ్మ వంటిదే. ఒకటవ నంబరుకు అర్థం ఏమిటో, పదవ నంబరుకు అర్థం ఏమిటో ముందే నిర్ణయమై ఉంది. అందుకే ఆ గుర్తు చూసి పడవలు ఒడ్డుకు చేరతాయి. ఈ బొమ్మల పక్కన జవాబుదారీ అయిన మనిషి ఉన్నాడు.

దీనికి భిన్నంగా, 2019 మే 3న ఫని తుఫాను పూరీ దగ్గర తీరం దాటినప్పుడు, వేరే దేశాలలో, వేరే సంవత్సరాలలో వచ్చిన తుఫానుల దృశ్యాలు ఫని దృశ్యాలుగా సామాజిక మాధ్యమాలలో తిరిగాయి. పంపినవారిలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. ‘ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు’ చూసినదానిని చూసినట్టే పంపారు. కాని దాని ఫలితం చిన్నది కాదు. అబద్ధపు బొమ్మను పదిసార్లు చూసి మోసపోయినవాడు పదకొండవసారి నిజమైన హెచ్చరికను కూడా నమ్మడు. కృత్రిమ మేధతో ఎన్నడూ జరగని దృశ్యాన్ని కూడా నిజం లాగా తయారుచేయగల ఈ రోజుల్లో ఆ ప్రమాదం ఇంకా పెరిగింది. తీరంలో నివసించేవారికి నమ్మకం అనేది ప్రాణంతో సమానం.

మనుషులకే కాదు, నోరులేని జీవాలకు కూడా ఈ బొమ్మల మోజు చేటు తెస్తుంది. గోపాలపూర్‌కు ఉత్తరంగా ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయి. 2023లోను, 2025లోను ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చినట్లు లెక్క తేలింది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల, రాత్రివేళ సముద్రం మీద కనిపించే వెలుగు వైపు నడుస్తుంది. ఫోన్ దీపం కాని, వీధి దీపం కాని కనిపిస్తే అది దారి తప్పుతుంది. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో ఆస్టియోనల్ అనే తీరం ఇటువంటిదే. 2015 సెప్టెంబరులో అక్కడ యాత్రికులు ఫోటోల కోసం తాబేళ్ల మధ్యకు గుంపులుగా దూసుకుపోయారు. చాలా తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోయాయి. ఆ రోజు తీసిన బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, అవి తాబేలు కథ చెప్పలేదు. తాబేలు కథను మధ్యలో ఆపివేశాయి.

ఇంత చెడు ఉన్నప్పుడు పిల్లలను ఈ మాధ్యమానికి పూర్తిగా దూరంగా ఉంచడమే మంచిదని కొందరు పెద్దలు అంటారు. వారి భయంలో న్యాయం ఉంది. చదువు, నిద్ర, ఆట కలిసి తెరలో కొట్టుకుపోవడం కళ్ల ముందే కనిపిస్తున్నది. ప్రధాన సామాజిక మాధ్యమ సంస్థలు కూడా 13 సంవత్సరాలు నిండనివారికి ఖాతా ఇవ్వరాదని నియమం పెట్టుకున్నాయి. ఆ నియమాన్ని పాటించవలసిందే. అయితే మత్స్యకారుడు తన కొడుకు సముద్రం ముఖం చూడకుండా పెంచడు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఏ మబ్బు వానకు, ఏ మబ్బు గాలికి అనేది ఒడ్డున నిలబెట్టి నేర్పుతాడు. నేర్చిన తరువాతే పడవ ఎక్కనిస్తాడు. బొమ్మల సముద్రం విషయంలోనూ చేయవలసింది అదే.

ఎందుకంటే, ఈ మాధ్యమం ఇంతకుముందు ఎవరూ వినని గొంతులకు వేదిక ఇచ్చింది. ఈ సత్యాన్ని కాదనలేరు. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అనే చిన్న గ్రామం నుంచి ‘మై విలేజ్ షో’ అనే యూట్యూబ్ చానల్ 2012లో మొదలైంది. పల్లె జీవితాన్ని పల్లె మాటతోనే అది చూపింది. అందులో నటించిన గంగవ్వ పొలం పనులు చేసుకుంటూ బతికిన వృద్ధురాలు. ఆమె పట్టణపు భాష నేర్చుకుని తెర మీదికి రాలేదు. తన యాసతోనే వచ్చింది, ఆ యాసతోనే దేశదేశాల తెలుగువారికి ఆత్మీయురాలైంది. ఒడిశాలో సంబల్‌పూర్ జిల్లాకు చెందిన ఐజాక్ ముండా అనే దినకూలీ 2020లో లాక్‌డౌన్ వల్ల పని దొరకక, అప్పు చేసి ఫోన్ కొని, తన ఇంటి భోజనాన్ని, తన గ్రామపు బతుకును చూపసాగాడు. లక్షలాది మంది అతనిని చూశారు. ఈ ఇద్దరి విషయంలోనూ బొమ్మ పక్కన మనిషి ఉన్నాడు. ఎవరి బతుకో వారే చెప్పుకున్నారు.

ఇతరుల బతుకును చెప్పేవారు ఎలా ఉండాలో చూపిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. బ్రాండన్ స్టాంటన్ అనే ఛాయాచిత్రకారుడు 2010లో న్యూయార్క్ నగరంలో దారిన పోయేవారి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. పదివేల మంది ఫోటోలు సేకరించడమే మొదట అతని ఉద్దేశం. కొంతకాలానికి అతను వారితో మాట్లాడసాగాడు. వారు చెప్పిన మాటలను వారి బొమ్మ కింద ఉంచసాగాడు. ముఖాల సేకరణ అప్పుడే మనుషుల కథలుగా మారింది. ‘హ్యూమన్స్ ఆఫ్ న్యూయార్క్’ అనే ఆ పేరు లోకమంతటికీ తెలిసింది.

భారతదేశంలో ఈ మార్గాన నడుస్తున్న ప్రయత్నానికి బరంపురంతో ఒక బంధుత్వం కూడా ఉంది. దేశానికి నాలుగవ రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించాడు. ఆయన మనుమడు పాలగుమ్మి సాయినాథ్ గ్రామీణ జీవితాన్ని రాసిన ప్రసిద్ధ పాత్రికేయుడు. ఆయన 2014లో ‘పరి’ అనే గ్రామీణ భారత జనజీవన భాండాగారాన్ని ఇంటర్నెట్‌లో ప్రారంభించాడు. నేతగాడు, పాటగత్తె, కౌలురైతు, చేపలు అమ్మే స్త్రీ, ఇలా శ్రమతో బతికేవారి కథలు అందులో ఫోటోలతో, వీడియోలతో వస్తాయి. తెలుగు, ఒడియా సహా ఎన్నో భారతీయ భాషలలో అవి చదవవచ్చు. ఫోటోలో ఉన్న మనిషి ఎవరు, ఏ ఊరు, ఏమి చెప్పింది, ఫోటో తీసినవారు ఎవరు అనేది అక్కడ బొమ్మతోపాటే ఉంటుంది. ఓపికగా చేసిన పని ఓపికగా చూసేవారిని సంపాదించుకోగలదని ఇది రుజువు చేస్తున్నది.

బొమ్మకు భాష అక్కరలేదు, అదే దాని గొప్పతనం అనే వాదన ఒకటి ఉంది. తెలుగు రానివాడు కూడా గోపాలపూర్ పడవ బొమ్మ చూసి ఆనందించగలడు. నిజమే. కాని మాట లేని బొమ్మకు చూసినవాడు తనకు తోచిన మాట తగిలిస్తాడు. వల బాగుచేసుకుంటూ కూర్చున్న ముసలి మత్స్యకారుని ఫోటోను ఒకరు ‘ప్రశాంత జీవితం’ అని మెచ్చుకుంటారు. మరొకరు ‘వెనుకబాటుతనం’ అని జాలిపడతారు. ఆయన మాత్రం ఆ రోజు రాత్రికి వల సిద్ధం కాకపోతే రేపటి వేట పోతుందని తొందరపడుతూ ఉంటాడు. తన బొమ్మ మీద తన మాట లేనప్పుడు మనిషి ఇతరుల కథలో అలంకారంగా మిగిలిపోతాడు.

ఒడిశాలోని తెలుగు పిల్లలకు ఈ విషయం మరింత దగ్గరిది. గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలో భాగంగా ఉండేది. అప్పటినుంచి ఇక్కడి తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ, రెంటినీ తమవిగా చేసుకుని బతుకుతున్నాయి. ఈ బతుకు హైదరాబాదులో తయారయ్యే బొమ్మలలో కనిపించడం అరుదు. భువనేశ్వర్‌లో తయారయ్యే బొమ్మలలోనూ అరుదే. రోజంతా ఇతర ఊళ్ల కథలు చూసే పిల్లవానికి తన ఊరిలో కథలే లేవనే భ్రమ కలుగుతుంది. తెప్ప, తెడ్డు, లంగరు, పోటు, పాటు వంటి మాటలు బొమ్మతోపాటు ప్రయాణం చేయకపోతే, బొమ్మ మిగిలి మాట పోతుంది. మాట పోయిన కొన్నాళ్లకు ఆ బొమ్మ ఏమిటో చెప్పగలవారు కూడా ఉండరు.

కనుక గోపాలపూర్ కథను గోపాలపూర్ పిల్లలే చెప్పాలి. దానికి ఖరీదైన ఫోన్ అవసరం లేదు. అసలు ఫోన్ లేకపోయినా పరవాలేదు. తరగతి గది గోడ మీద ఆరు కాగితాలు అంటించినా అది బొమ్మల వరుసే. ఒక వల కథ తీసుకుంటే, మొదటి బొమ్మలో చిరిగిన వల. రెండవ బొమ్మలో దానిని బాగుచేస్తున్న తాత చేతులు. మూడవ బొమ్మలో పడవ ఎక్కించిన వల. నాలుగవ బొమ్మలో ఖాళీ సముద్రాన్ని చూస్తూ ఒడ్డున నిలుచున్న ఇంటివారు. అయిదవ బొమ్మలో తిరిగి వచ్చిన పడవ. ఆరవ బొమ్మలో చేపల గంప నెత్తిన పెట్టుకుని అమ్మకానికి బయలుదేరిన అమ్మమ్మ. ఒక్కొక్క బొమ్మ కింద రెండు వాక్యాలు తాత మాటలలోనే తెలుగులో రాసి, వాటి పక్కన ఒడియాలోనూ రాస్తే ఆ కథను ఊరంతా చదువుతుంది. యాత్రికుడు తీసిన సూర్యోదయపు ఫోటోలో లేనిది ఈ ఆరు కాగితాలలో ఉంటుంది.

అటువంటి కథ చెప్పే విద్యార్థి కొన్ని మర్యాదలు పాటించాలి. బొమ్మ తీసేముందు ఆ మనిషిని అడగాలి. ‘వద్దు బాబూ’ అంటే ఆగిపోవాలి. తీసిన తరువాత ఆ బొమ్మను మొదట వారికే చూపాలి. ఎక్కడ, ఎప్పుడు తీసినదీ రాయాలి. ఏడుస్తున్నవారి ముఖాన్ని, ఆపదలో ఉన్నవారి దేహాన్ని వేడుక చేయరాదు. ఇతరులు పంపిన బొమ్మను ముందుకు పంపేముందు ఇది ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది, దీనికి ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అనే ప్రశ్నలు వేసుకోవాలి. జవాబు దొరకని బొమ్మను తన దగ్గరే ఆపివేయడం కూడా ఒక మంచి పనే. వంద మంది పంపిన అబద్ధం ఒక్కరి దగ్గర ఆగినా, ఆ ఒక్క దారిలో అది చచ్చినట్టే.

పూర్వం పటం కథకుడు కథ ముగించి చుట్ట చుట్టుకునేటప్పుడు, జనంలో ఎవరైనా లేచి అడిగే ప్రశ్నకు జవాబు చెప్పి కాని ఊరు దాటేవాడు కాదు. ఆ కథకుని పని ఇప్పుడు ఫోన్ పట్టుకున్న ప్రతివారి మీదా పడింది. రేపు తెల్లవారినా గోపాలపూర్ తీరంలో పడవ కెరటం మీదికి దూకుతుంది, ఫోన్లు పైకి లేస్తాయి. ఆ ఫోన్ల నడుమ ఒక పిల్లవాడు, పడవ తిరిగి వచ్చేవరకు ఒడ్డునే వేచి ఉండి, ‘మామా, ఇవాళ ఏం పడింది?’ అని అడిగితే చాలు. ఆ ప్రశ్న నుంచే కథ మొదలవుతుంది.